రెండు దినాలకని తీసుకుపోయిన దారాలు

మా కళాశాల పూర్వ విద్యార్థుల సమావేశానికి ఆహ్వానం ఈసారి నా ఫోనుకు వచ్చింది. వేలితో తాకగానే తెర నిండా మా పెద్ద ప్రొఫెసరు ముఖం తెరుచుకుంది. మెడ కొంచెం కుడివైపుకు వంచి, కళ్ళజోడు చేతిలో పట్టుకుని, ఎదుటివారు చెప్పేది ఎంతో శ్రద్ధగా వింటున్నట్టు కూర్చున్న ముఖం. ఆ శ్రద్ధను నేను పదిహేనేళ్ళు దగ్గరనుంచి చూశాను. ఫోటో తీసేవాడు ఎదుట ఉంటే తప్ప అది ఆ ముఖం మీదికి వచ్చేది కాదు. ఫోటో కింద ‘మన దారాల గురువుకు నివాళి’ అని ఉంది. దాని కింద కార్యక్రమం: ఉదయం ఇద్దరు ఆచార్యుల ప్రసంగాలు, భోజనానికి ముందు ‘బజారు నేర్పిన నిర్వహణ’ అనే అంశంపై పూర్వ విద్యార్థుల చర్చ, ఆ తరువాత ఆయన దారాలున్న అద్దాల పెట్టెను కొత్త భవనంలో నెలకొల్పడం.

ఆయన మూడు నెలల క్రితం పోయాడు. పోయినవారి గురించి చెడు చెప్పకూడదంటారు. ఆ నియమం ఎవరు పెట్టారో నాకు తెలియదు. దానివల్ల ఎవరు లాభపడుతున్నారో మాత్రం తెలుసు. తిరువళ్ళూరునుంచి తిరుత్తణి పోయే దారిలో, కనకమ్మ సత్రం రాకముందే ఉన్న ఆ వ్యాపార నిర్వహణ కళాశాలలో నేను గ్రంథపాలకుడిగా పనిచేసి పదవి విరమించాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ, ఆ తరువాతా, రోజుకొక పేజీ రాసుకోవడం నా అలవాటు. ఎవరు ఏది పట్టుకెళ్ళారు, ఏమని పట్టుకెళ్ళారు, ఏ నోటితో అడిగారు, అన్నీ ఉంటాయి. ఈ వ్యాసంలో ఉన్నవి ఆ పేజీలనుంచి తీసినవే.

ఆయన తెలుగువాడు. ఈ సంగతి కళాశాలలో సగం మందికి తెలియదు. తరగతిలో ఇంగ్లీషు, కార్యాలయంలో ఇంగ్లీషు, క్యాంటీనులో అరవం. తెలుగును మాత్రం ఎవరి దగ్గరనుంచైనా ఏదైనా కావలసి వచ్చినప్పుడే బయటికి తీసేవాడు, పెట్టె అడుగునుంచి పట్టుపంచె తీసినట్టు. మామూలు రోజుల్లో నేను ‘మిస్టర్ లైబ్రేరియన్’ను. ఏ రోజైనా గ్రంథాలయం గుమ్మంలో నిలబడి "ఏమన్నా, బాగుండావా?" అన్నాడంటే, నా బల్లమీది వస్తువుల్లో ఏదో ఒకదానికి నాతో రుణం తీరిందని అర్థం.

"ఒక రెండు దినాలు ఇయ్యన్నా. మూడోదినం పొద్దున నీ బల్ల మింద ఉంటుంది."

ఆయన పేరుకు ఎదురుగా ‘రెండు రోజులు’ అని నేను రాసుకున్నవి ముప్పై ఒకటి. నిఘంటువు, జిల్లా పటం, గోడ గడియారం, మడత కుర్చీ, వాచ్‌మన్ భార్య ఊరినుంచి తెచ్చిన గోంగూర జాడీ. జాడీ ఖాళీగా తిరిగి వచ్చింది. తక్కినవి రాలేదు. ఆయన దొంగ కాడు. అంతవరకు నేను ఒప్పుకుంటాను. తాను పట్టుకుపోతున్నది పరులదని దొంగకు తెలుస్తుంది. ఈయనకు వస్తువు చేతిలో పడిన మరుక్షణం, అది తాతలనాటినుంచి తనదేనన్న నమ్మకం కుదిరేది. ఒక వర్షాకాలంలో నా గొడుగు నన్ను అడిగి తీసుకున్నాడు. వారం తరువాత బస్‌స్టాపులో నేను తడుస్తూ నిలబడి ఉంటే, ఆ గొడుగు కిందనే నిలబడి, "ఇంత వర్షంలో గొడుగు లేకుండా ఎలా వస్తారండీ మీరు?" అని ఇంగ్లీషులో నామీద జాలిపడ్డాడు.

ఇంతవరకైతే నవ్వుకుని వదిలివేయవచ్చు. దారాల సంగతి అటువంటిది కాదు.

తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామి కొండమెట్లు మొదలయ్యే వీధిలో మునెమ్మ పూలంగడి ఉంది. మా అమ్మ కాలంనుంచి మా ఇంటి పూలకావడికి మాల అక్కడిదే. అరవ నెల ఆడిలో స్వామి పండుగైన ఆడికృత్తికకు, మొక్కుగా భుజాన కావడి ఎత్తుకుని వచ్చే కుటుంబాలు ఏటేటా అవే. కావడి ఎవరి ఇంట్లో వారిదిగా ఉంటుంది. తాతలనాటి కర్ర, దాని మీద విల్లులా వంచిన వెదురుబద్ద. ఒక ఇంటి బద్ద వంపు ఇంకొక ఇంటిదానితో కలవదు. అందుచేత ఆ అంగడిలో మునెమ్మ అత్తగారి నాటినుంచి ఒక పద్ధతి నడుస్తూ వచ్చింది. ఒక కావడి మొదటిసారి వచ్చినప్పుడు, దారాన్ని ఈ కొసనుంచి ఆ కొసకు వంపు వెంబడి పరిచి, సరిగ్గా అక్కడికి తెంపుతారు. పక్కన వేలాడే పూసరం ఎంతవరకు దిగాలో గుర్తుకు ఒక ముడి వేస్తారు. ఊరిని బట్టి దారానికి రంగు. ఆ దారం అంగడి వెనుకగోడ మేకుకు వేలాడుతుంది. మరుసటి ఏడు ఆ కుటుంబం కొండ కింద బస్సు దిగేసరికి వారి కావడికి సరిపోయే మాల తడిబట్టలో చుట్టి సిద్ధంగా ఉంటుంది. ముందుగా చెప్పి పంపే పని లేదు. ఏ కారణం చేతనైనా వారు రాకపోతే ఆ మాలను మునెమ్మ తానే కొండమీది స్వామికి పంపేది.

ఈ పద్ధతిని గురించి ఒకరోజు ఉపాహార సమయంలో నోరుజారి చెప్పినది నేనే. మరునాడు ఆయన గ్రంథాలయం గుమ్మంలో తెలుగులో ప్రత్యక్షమయ్యాడు. ఆడికృత్తికకు ఇంకా నెల ఉందనగా, ఒక మంగళవారం, ఆయనను నేనే మునెమ్మ అంగడికి తీసుకుపోయాను.

"ఏమక్కా, బాగుండావా?" అన్నాడు ఆయన మెట్టు ఎక్కుతూనే.

మునెమ్మ నన్ను చూసి, "ఎవురయ్యా ఈయన?" అంది.

"మా కాలేజీలో పెద్ద ప్రొఫెసరు అక్కా."

"పెద్దాయనకు మల్లెపూలా, కదంబమా?"

పూలు కాదు, దారాలు కావాలన్నాడు ఆయన. గోడ దగ్గరికి పోయి రంగులు చూశాడు, ముళ్ళు లెక్కపెట్టాడు, ఎంతో ముచ్చటపడ్డాడు. మునెమ్మ ఓపికగా అంతా చెప్పింది. ఆమె చెప్పిన మాటలు ఆ రోజు పేజీలో ఉన్నాయి: "రంగు వెలిసిపోతే అడిగి తెలుసుకోవచ్చు సామీ. ముడి ఊడిపోతే మళ్ళా ఏసుకోవచ్చు. పొడవు పోయిందంటే ఇంగ అది దారం కాదు, సుమ్మా, ఉత్త నూలుపోగు." ఆ మాటల పక్కన నేను రాసుకున్నది ఇంకొకటి ఉంది: ‘ఇది చెబుతున్నప్పుడు ఆయన చేతి గడియారం చూసుకున్నాడు.’

"పిల్లకాయలకు సూపించి తెచ్చిస్తానక్కా. రెండు దినాలు ఇయ్యి."

మునెమ్మ నవ్వింది. "పండగ నెల దినాల్లో ఉండాది సామీ. నా బుర్రంతా ఆ మేకుకే తగిలించుండాను. బుర్ర ఇచ్చేసి నేను యాడ పోయేది?"

అప్పుడు ఆయన నావైపు తిరిగాడు. మెడ కుడివైపుకు వంగింది. నేను, "ఇయ్యక్కా. మూడోదినం నేను తెచ్చిస్తా" అన్నాను. నా జీవితంలో ఆలోచించకుండా అన్న మాటలు కొద్ది. వాటిలో ఇది మొదటిది.

నలభై ఏడు దారాలను పసుపు సంచిలో పెట్టి నా చేతికి ఇచ్చింది. ఆయన చేతికి కాదు.

మూడవరోజు ఆయన బెంగళూరులో ఏదో సదస్సులో ఉన్నాడు. ఆరవరోజు తరగతిలో ఉన్నాడు. పన్నెండవ రోజు, "ఇంకో బ్యాచికి చూపించాలి, మిస్టర్ లైబ్రేరియన్" అన్నాడు. ఇంగ్లీషులోకి వచ్చేశాడంటే వస్తువు ఆయనదైపోయిందన్నమాట. ఇరవయ్యవ రోజు నేను గట్టిగా అడిగితే, భుజంమీద చెయ్యివేసి, "పండుగ వాళ్ళకు కొత్త కాదు కదా. ఆమె చేతులకు కొలతలు గుర్తుంటాయి. మన గ్రామీణ జ్ఞానాన్ని మీరు తక్కువ అంచనా వేస్తున్నారు" అన్నాడు. ఆ మాటకు బదులు కోసం ఏళ్ళ తరబడి వెతికాను. దొరికింది, కాని వినవలసినవాడు పోయాడు.

ఆ ఆడికృత్తికనాడు నేను మునెమ్మ అంగడి పక్కన నిలబడి ఉన్నాను. చేతులకు కొలతలు గుర్తులేవు. నలభై ఏడు ఇళ్ళ కావళ్ళకు కంటి అంచనాతో మాలలు కట్టింది ఆమె. కొన్ని బద్ద దాటి వేలాడాయి. కొన్ని చాలలేదు. కడంబత్తూరునుంచి నడిచి వచ్చిన పెద్దాయన కావడి మీద మాల పరిచి చూస్తే జానెడు బద్ద బయటపడింది. చుట్టూ మేళం, జనం, గుండు గీయించుకుని చందనం పూసుకున్న తలలు.

"ఏందమ్మా మునెమ్మా!" అన్నాడు ఆ పెద్దాయన. "మాకు గుండు కొడితే సరి, మా కావడికి కూడా గుండు కొట్టినావే!"

వీధి వీధంతా నవ్వింది. ఆ కుటుంబం ఎదురంగడికి పోయింది. మునెమ్మ నన్ను తిట్టలేదు. నావైపు చూడలేదు కూడా. సగం కట్టిన మాలను ఒళ్ళో పెట్టుకుని, దారం కొస వెతుక్కుంటున్నట్టు తల వంచుకుని ఉండిపోయింది. మరుసటి ఏడు ఆ నలభై ఏడింటిలో సగం రాలేదు. ఇంకొక రెండేళ్ళకు ఆ అంగడిలో కావడి మాల అన్న మాట లేదు. మూరల లెక్కన విడిపూలు మిగిలాయి. నేను ఆ వీధి మానేసి, చుట్టుదారిన కొండెక్కడం మొదలుపెట్టాను.

దారాలు మాత్రం పైకి వచ్చాయి. గ్రంథాలయం ఎదుటి నడవాలో అద్దాల పెట్టె వెలిసింది. లోపల నలభై ఏడు రంగుదారాలు, వరుసగా, దువ్విన జుట్టులా. వాటిమీద ఆయన రాసిన పాఠం ఊరూరా కళాశాలల్లో చెప్పుకున్నారు. ఏటా పూర్వ విద్యార్థుల సమావేశంలో ఆయన ప్రసంగం అదే. నేను వెనుక వరుసలో కూర్చుని రాసుకునేవాణ్ణి. పదకొండవ నిమిషంలో కళ్ళజోడు తీసేవాడు. తుడిచేవాడు. "తిరుత్తణిలో ఒక చదువురాని ముసలామె..." అని ఆగేవాడు. (ఆమె ఆయనకంటే మూడేళ్ళు చిన్నది.) ఆ పైన చేతులు తిప్పుతూ, గొంతు సన్నం చేసి, "ఏం సామీ, మల్లెపూలా, కదంబమా?" అని మునెమ్మను అనుకరించేవాడు. సభ గొల్లుమనేది. ఆయన అంతమంది ఎదుట తెలుగు మాట్లాడిన సందర్భం ఏడాదికి అదొక్కటే. నేను ఒక్కసారి కూడా నవ్వలేదు. లేచి నిలబడలేదు కూడా. ఈ రెండవది నేను నామీద రాసుకున్న అభియోగం.

ఏటా ఆడిమాసానికి ముందు దారాలు తిరిగి ఇవ్వవలసిందని ఉత్తరం ఇచ్చేవాణ్ణి. పద్దెనిమిది ఉత్తరాల నకళ్ళు నావద్ద ఉన్నాయి. విరమించాక ఇచ్చినవి తపాలా రసీదులతో సహా. జవాబు ఒక్కదానికే వచ్చింది, అదీ నోటిమాటగా. నా వీడ్కోలు సభనాడు దండ వేసి, చెవి దగ్గరికి వంగి, చివరిసారిగా తెలుగులో అన్నాడు: "ఇంగ వదిలెయ్యన్నా. ఆ దారాలు ఆమె అంగట్లో ఉండింటే ఎలకలు తినేసుండేవి. నా కాడ ఉండబట్టి బతికినాయి."

ఆ రోజు ఆ దండతోనే ఇంటికి వచ్చాను. దండ తీయకముందే ఆ వాక్యం రాసుకున్నాను.

ఇప్పుడు ఆహ్వానం చూశాక నేను ఆలస్యం చేయలేదు. పాత పుస్తకాలు, నకళ్ళు చేతిసంచిలో సర్దుకుని తిరుత్తణి బస్సెక్కాను. ఇన్నేళ్ళ తరువాత మునెమ్మ అంగడి మెట్టు దగ్గర నిలబడ్డాను. ఆమె మల్లెలు మూరవేస్తూ తల ఎత్తింది. జుట్టు పూర్తిగా నెరిసింది. చేతులు మాత్రం అవే చేతులు.

"ఏమయ్యా," అంది. "రెండు దినాలయిందా?"

నేను తల వంచుకునే చెప్పాను. ఆయన పోయాడనీ, ఆదివారం సభ అనీ, దారాలు అక్కడికి తెస్తారనీ.

"సచ్చినాడా? పావం."

"పావం అనొద్దక్కా."

"ఏం? సచ్చినోడి మింద నీకేమి పగ?"

"పగే."

ఆమె నా సంచివైపు, నావైపు చూసింది. "నీ పగ నువ్వు పెట్టుకో. నాకు నా దారాలు కావాల. మా కోడలికి మాల కట్టేదానికి చెయ్యి బాగా తిరిగుండాది. కొలత ఉంటే ఈ ఆడికి కట్టి వాకిట్లో ఏలాడదీస్తాము. మునెమ్మ కాడ మన మాల ఉండాదంట అని తెలిస్తే వాళ్ళే వస్తారు. కడంబత్తూరు పెద్దాయన పోయినాడంట. కొడుకు ఉండాడు గదా. ఆ కావడికి నా సేతి మాల ఎక్కినాంక నేను పోయినా పరవాలేదు." పూలబుట్ట మీద తడిబట్ట కప్పుతూ, "ఆదివారం ఎన్నింటికి?" అంది.

సభ ద్వారం దగ్గర మెడకు తగిలించుకునే పేరుబిళ్ళలు ఇస్తున్న అమ్మాయి మునెమ్మను, "ఏ బ్యాచమ్మా మీరు?" అని అడిగింది.

"బ్యాచంటే?"

"ఇక్కడ ఏ సంవత్సరం చదివినారని."

"నేను చదవలేదు తల్లీ. నా దారాలు చదివినాయి."

అమ్మాయి నవ్వి, ‘అతిథి’ అని ఉన్న బిళ్ళ ఆమె మెడలో వేసింది. లోపల ఏసీ చలి. మునెమ్మ కొంగు నిండా కప్పుకుని రెండు ప్రసంగాలూ ఓర్చుకుంది. వేదిక మీద ఎడమవైపు ఆయన నిలువెత్తు ఫోటో, దాని పక్కన నడవానుంచి తెచ్చిన అద్దాల పెట్టె. దూరంనుంచి ఆమె కళ్ళకు రంగులే కనబడుతున్నాయి. "ఎర్రది మావోళ్ళదే. అదో, పచ్చవి రెండు," అని నాకు మాత్రమే వినబడేటట్టు అంటూ ఉంది. ముఖం వెలిగిపోతోంది.

చర్చ మొదలైంది. మెత్తటి కుర్చీల్లో ముగ్గురు పూర్వ విద్యార్థులు, నడిపించడానికి ఒక యువ ఆచార్యుడు. మొదటి వక్త సరుకులు ఇళ్ళకు చేర్చే సంస్థ పెట్టి పేరు తెచ్చుకున్నవాడు. ఇంగ్లీషులో అన్నాడు: "నా వ్యాపారానికి మూలసూత్రం ఆ పెట్టెలోనే దొరికింది. చూడండి, ఎంత క్రమశిక్షణ! నలభై ఏడు దారాలూ ఒకే పొడవు. చదువురాని ఒక స్త్రీ ప్రమాణీకరణను కనిపెట్టింది." సభ చప్పట్లు కొట్టింది.

"ఏమంటాడు?" అని అడిగింది మునెమ్మ.

"నీ దారాలు అన్నీ ఒకే పొడవుగా..." అని మొదలుపెట్టాను.

"ఏమన్నాడూ?"

ఎనిమిదేళ్ళు ఆ పెట్టె అద్దాన్ని రోజూ ఉదయం నేనే తుడిపించాను. దారాల కొసలు గీత గీసినట్టు సమంగా ఉండటం ప్రతిరోజూ చూశాను. చూసి, చక్కగా అమర్చారనుకున్నాను. పుస్తకం అర అంగుళం బయటికి వస్తే సహించలేని నా కన్ను మెచ్చుకున్నది ఆ కోతనే.

మునెమ్మ అప్పటికే లేచి నడుస్తోంది. వేదిక మెట్ల దగ్గర యువ ఆచార్యుడు మైకులోనే, "అమ్మా, ప్రశ్నలు చివర అడగవచ్చు" అన్నాడు.

"నేను ప్రశ్న అడగటం లేదు నాయనా. నా సామాను సూసుకుంటా ఉండా."

డైరెక్టరు ముందువరుసనుంచి లేచి వచ్చాడు. నేను విరమించాక చేరినవాడు, ఏమీ తెలియనివాడు. నేను రెండవ మైకు తీసుకుని, దారాలు అడిగిన మంగళవారం నాటి పేజీని మొదటినుంచి చివరిదాకా చదివాను. ఎవరు అడిగారు, ఎన్నాళ్ళకని అడిగారు, ఎవరు పూచీపడ్డారు. తరువాత పద్దెనిమిది ఉత్తరాల సంగతి చెప్పాను. డైరెక్టరు తాళంచెవి తెప్పించాడు.

పెట్టె తెరవగానే ఆమె ఎర్రదారం తీసి, మోచేతినుంచి వేలి కొసదాకా పట్టుకుని చూసింది. పచ్చదారం పట్టుకుని చూసింది. పసుపుది. నీలిది.

"ఇది ఒక మూర. ఇదీ ఒక మూర. ఇదీ..."

ఆమె సంతోషపడుతున్నదని అనుకుని వెనుక వరుసల్లో కొందరు మళ్ళీ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నేను మరచిపోలేను. అవి కొట్టిన చేతులను క్షమించనూ లేను.

మునెమ్మ సభవైపు తిరిగింది. "కడంబత్తూరోళ్ళ కావడి మూడున్నర మూర," అంది. "మిగిలింది యాడ?" వెంటనే అదే ప్రశ్న అరవంలో కూడా అడిగింది. చప్పట్లు ఆగిపోయాయి. సరుకులు చేర్చే సంస్థవాడు చేతిలోని మైకును మెల్లగా ఒళ్ళో పెట్టుకున్నాడు.

డైరెక్టరు నా దగ్గరికి వంగి, "ఎవరో అటెండరు తెలియక కోసి ఉంటాడు" అన్నాడు. ఆ ఒక్కమాట అనకపోయి ఉంటే నేను ఆగి ఉండేవాణ్ణేమో. ఆ పెట్టె పని అప్పట్లో గ్రంథాలయం ద్వారా జరిగింది. వడ్రంగికి ఇచ్చిన సూచనల కాగితం నకలు నా సంచిలోనే ఉంది. తీసి మైకులో చదివాను. ఆయన చేతిరాత: ‘లోపలి ఎత్తు ఒకటిన్నర అడుగు. దారాల కొసలన్నీ అడుగుపలకకు పైన సమంగా కత్తిరించవలెను.’ కింద ఆయన సంతకం. ఆ పక్కన, అందినట్టుగా, నా ముద్ర. చదవకుండానే ముద్ర వేసి భద్రంగా దాచానని కూడా మైకులోనే చెప్పాను.

డైరెక్టరు మర్యాద తెలిసినవాడు. సభను ఎలాగైనా దారిలోకి తేవాలని, పళ్ళెంలో ఉన్న గులాబీమాల తెప్పించి, "అమ్మా, దారాలు మీవే, తీసుకుపొండి. పెద్ద మనసు చేసుకుని ఆయన చిత్రపటానికి మీ చేతులమీదుగా ఈ మాల వేయండి" అని చేతులు జోడించాడు.

మునెమ్మ అలవాటు చొప్పున మాలను వేళ్ళతో తడిమి, ఫోటోను కిందినుంచి పైకి చూసింది. "కొలత తీసుకోని కట్టించినారా సామీ?"

"లేదమ్మా. బజారులో కొన్నాము."

"కొలత లేకుండా నేను మాల ఎయ్యను. నలభై ఏడిండ్లకు ఒకసారి ఏసినాను. వీధిలో మానం పోయింది." మాలను పళ్ళెంలో పెట్టేసింది. దారాలను కూడా, తీసిన నాలుగింటితో సహా, పెట్టెలోనే వదిలేసింది. ఆ మాల ఆ రోజు ఎవరూ వేయలేదు. పెట్టెను కొత్త భవనానికి చేర్చలేదు. నివాళి అన్న కార్యక్రమం భోజనాలుగా మారిపోయింది. ఇవన్నీ నేను సంతోషంగా రాసుకున్నాను.

తిరుగు బస్సెక్కాము. కనకమ్మ సత్రం దగ్గర బస్సు ఆగినప్పుడు అంది: "కోసినోడు ఎవురో నాకు తెలీదయ్యా. ఇయ్యక్కా అనింది నువ్వు."

"అవునక్కా."

"అయితే ఆడి లోపల నువ్వే కొలుసుకోని రా. ఊర్లు నేను సెప్తా."

డెబ్బై దాటిన వయసులో, దారపు ఉండ, కత్తెర, కొత్త నోటుపుస్తకం పట్టుకుని నేను ఇల్లిల్లూ తిరుగుతున్నాను. మొదటిది కడంబత్తూరు. పెద్దాయన కొడుకు అటకమీదినుంచి కావడి దించి వరండాలో ఆనించాడు. నేను ఈ కొస పట్టుకున్నాను. అతని భార్య ఆ కొస పట్టుకుంది. "పాత దారం ఏమైంది?" అని వాళ్ళు అడిగారు. అందరూ అడుగుతారు. అడగాలనే నేను కాచుకుని ఉంటాను. ఈ వ్యాసంలో నేను ఆయన పేరు రాయలేదు. అచ్చులో ఆయన పేరు ఇప్పటికే కావలసినంత ఉంది. దారం పట్టుకున్న ప్రతి ఇంట్లో మాత్రం ఇంటిపేరుతో సహా, బిరుదులతో సహా, రెండుసార్లు చెబుతున్నాను. తరువాత ఆ వడ్రంగి సూచనల కాగితం చదివి వినిపిస్తున్నాను.

కడంబత్తూరు ఇల్లాలు దారం కొస వదలకుండానే అంతా విన్నది.

"ఆయప్ప ఎందుకయ్యా కోసింది?"

"పెట్టెలో పట్టలేదమ్మా."

"పెట్టె పెద్దది సేయించుకోవాల గదా!"

ఆ మాట రాసుకుని, కొలత తెంపి, పక్క ఊరికి బస్సెక్కాను. ఇంతవరకు తొమ్మిది ఇళ్ళు పూర్తయ్యాయి. ఆయన పేరు వినవలసినవి ఇంకా ముప్పై ఎనిమిది ఉన్నాయి.